పాత హార్డ్ డిస్కుల వేగాలు: ఎనిమిదితో భాగించే ముందు అడగాల్సినవి

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకి తోవ దొరుకుతుంది. మీ పాలిటెక్నిక్ ల్యాబ్ గోడకి పెట్టడానికి పాత హార్డ్ డిస్కుల పట్టిక తయారుచేస్తున్నారు. ఒక కాగితం మీద "సెకనుకు 8,800 క్యారెక్టర్లు" అనుంది. ఇంకోదాని మీద "వర్డుకు 11.1 మైక్రోసెకన్లు". మిగతావాటి మీద "5 మెగాబిట్లు", "806 కేబీ", "పీఐఓ మోడ్ 4", "1.5 గిగాబిట్లు", ఆఖర్న "9.67 మెగాహెర్ట్జ్". అన్నిటినీ సెకనుకు ఇన్ని మెగాబైట్లు అని మార్చి ఒకే వరుసలో పెడదామంటే లెక్క కుదరడం లేదు. పీసీ ఎక్స్‌టీ డిస్కుకి మీకు 0.625 వచ్చింది. నెట్‌లో చూస్తే ఒకచోట 0.52, మరోచోట 0.51, ఇంకోచోట 0.09 కూడా లేదు. వీటిలో ఏది నిజమని అడిగారు.

అన్నీ నిజమే. ఒకే డిస్కుని వేర్వేరు చోట్ల నిలబడి కొలిస్తే వచ్చిన అంకెలవి. 8తో భాగించడం ఈ పనిలో ఆఖరి మెట్టు, అక్కడ పొరపాటు పడేవాళ్లు తక్కువ. పొరపాటంతా అంతకు ముందే జరిగిపోతుంది. ఈ అంకెని ఎక్కడ కొలిచారు, దేన్ని లెక్కపెట్టారు అని అడక్కుండానే క్యాలిక్యులేటర్ తీసేస్తాం. పాత డ్రైవులు బాగుచేసే పనిలో, వాటిలోంచి డేటా తీసే పనిలో చాలాకాలం ఉన్నాను. ఏ డ్రైవు కాగితం చేతికొచ్చినా నేను ముందు చూసేది ఒకటే: ఈ అంకె హెడ్డు (డిస్కు మీది బిట్లని చదివే భాగం) దగ్గరిదా, కేబుల్ దగ్గరిదా, ప్రోగ్రాముకి చివరికి అందిందా?

పట్టికలో "ఎంబీ" అని పొట్టిగా రాయకండి, మెగాబిట్ అనో మెగాబైట్ అనో పూర్తిగా రాయండి. ఇక్కడ నేను కిలో అంటే 1000, మెగా అంటే 10 లక్షలు. 1024 లెక్క వచ్చినచోట కిబీబైట్, మెబీబైట్ అంటాను. ఈ రెండో రకం పేర్లు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో ఖరారు చేసినవి. కాబట్టి మీ పాత కాగితాల్లో ఎక్కడా కనబడవు, "కే" అంటే ఎంతో సందర్భాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి.

ఎక్స్‌టీ డిస్కుతోనే మొదలుపెడతాను. దాదాపు అన్ని చిక్కులూ దాంట్లోనే ఉన్నాయి, అది విప్పితే మిగతావి తేలికవుతాయి.

1980లో షుగార్ట్ టెక్నాలజీ (ఆ తర్వాత సీగేట్ అయింది) ఎస్‌టీ-506 అనే డ్రైవు తెచ్చింది, మరుసటేడు ఎస్‌టీ-412. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో వచ్చిన 10 మెగాబైట్ల డిస్కు ఈ తరహాదే. మీ కాగితం మీది 5 మెగాబిట్లు ఈ కుటుంబం ఇంటర్‌ఫేస్ వేగం. ఇప్పటి డ్రైవుల్లా కాకుండా వీటిలో తెలివంతా బయటి కంట్రోలర్ కార్డులో ఉండేది. హెడ్డు చదివిన బిట్లు వాటి వేగంతోనే కేబుల్ మీదుగా కార్డుకి వచ్చేసేవి. అందుకే వీటికి హెడ్డు వేగం, కేబుల్ వేగం ఒకటే.

ఈ డిస్కు నిమిషానికి 3,600 చుట్లు, అంటే సెకనుకు 60 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 50 లక్షల బిట్లని 60తో భాగిస్తే ఒక చుట్టుకి 83,333 బిట్లు. బైట్లలో 10,416. ఒక ట్రాక్ (హెడ్డు కింద తిరిగే ఒక వలయం) మొత్తం పొడవు ఇది. అదే ట్రాకుని పీసీ కోసం ఫార్మాట్ చేస్తే పట్టేది 17 సెక్టార్లు (ట్రాకులోని ముక్కలు), ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 8,704 బైట్లు. మిగిలిన 1,712 బైట్ల చోటు, అంటే సెక్టారుకి 100 బైట్ల చొప్పున, ఎక్కడికి పోయింది? ప్రతి సెక్టారుకి ముందు కంట్రోలర్ పట్టు చిక్కించుకోవడానికి సింక్ బైట్లుంటాయి. తర్వాత ఇది ఏ సిలిండరు (అన్ని హెడ్ల కింద ఒకే స్థానంలో ఉండే ట్రాకుల గుంపు), ఏ హెడ్డు, ఎన్నో సెక్టారు అని చెప్పే హెడర్, ఆ హెడర్‌ని సరిచూసుకునే కోడ్. అప్పుడు మన డేటా, దాని వెనక తప్పుల్ని పట్టే బైట్లు. ఆ పైన కొంత ఖాళీ. మోటారు ఒక పిసరు అటూఇటూ తిరిగినా రాత పక్క సెక్టారు మీదికి పోకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. ఇవన్నీ కూడా హెడ్డు కింద నుంచి అదే 5 మెగాబిట్ల వేగంతో పోతాయి, కాకపోతే మన ఫైల్లోకి రావు.

కాబట్టి 0.625 మెగాబైట్లు అన్నది హెడ్డు కింద నుంచి పోయే మొత్తం సరుకు. అందులో మన డేటా 17 × 512 × 60, అంటే సెకనుకు 5,22,240 బైట్లు. 0.522 మెగాబైట్లు. అదే అంకెని 1024తో భాగించి చూడండి, సరిగ్గా 510 కిబీబైట్లు వస్తుంది. పీసీ లోకంలో అప్పుడు "కే" అంటే 1024 అనే వాడుక ఉండేది. మీకు 0.51 అని కనబడింది ఈ 510నే. 0.52, 0.51 మధ్య తగువే లేదు, రెండూ ఒకే వేగం.

ఇక 0.09 లోపు అంకె. ఇది ఇంటర్‌లీవ్ వల్ల వచ్చింది. 17 సెక్టార్లూ వరసగా 1, 2, 3 అని పేర్చి ఉన్నాయనుకోండి. కంట్రోలర్ 1వ సెక్టారు చదివి, సరిచూసి, మెమరీలోకి పంపి, "తర్వాతది ఇవ్వు" అనేలోపే 2వ సెక్టారు హెడ్డు దాటి వెళ్లిపోతుంది. మళ్లీ అది తిరిగి రావడానికి పూర్తి చుట్టు, 16.67 మిల్లీసెకన్లు ఆగాలి. అలా చుట్టుకొక్క సెక్టారే దొరికితే వేగం 512 × 60 = 30,720 బైట్లకి పడిపోతుంది. అందుకని 2వ సెక్టారుని 1 పక్కన పెట్టకుండా కొంత దూరంలో పెట్టేవాళ్లు. ఎక్స్‌టీలో ఆ దూరం ఆరు స్థానాలు, 6:1 ఇంటర్‌లీవ్ అంటారు. ఒక ట్రాక్ మొత్తం చదవడానికి ఆరు చుట్లు పడుతుంది కాబట్టి 5,22,240ని 6తో భాగించాలి: 87,040 బైట్లు, అంటే 0.087 మెగాబైట్లు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో 3:1 పెట్టారు, అక్కడ 1,74,080 బైట్లు. ట్రాక్ మొత్తాన్ని ఒక్క ఊపున బఫర్లోకి లాక్కునే కంట్రోలర్లు వచ్చాక 1:1 సాధ్యమై పూర్తి 0.522 దక్కింది.

ఈ ఇంటర్‌లీవ్‌ని చిన్న విషయమనుకోకండి. డ్రైవు మార్చకుండా, మెషీన్ మార్చకుండా, ఆ ఒక్క అంకె కంట్రోలర్‌కి తగ్గట్టు సరిచేసి లో-లెవెల్ ఫార్మాట్ చేసి (ట్రాకుల మీద సెక్టార్లని మళ్లీ కొత్తగా పేర్చి) ఇస్తే, డీబేస్ అనే ఆనాటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఫైలు ఇండెక్స్ చేసుకునేవాళ్లు మెషీనే మారిందనుకునేవాళ్లు. అంత తేడా కాగితం మీది "5 మెగాబిట్లు" అనే మాటలో ఎక్కడా కనబడదు. మీ విద్యార్థులకి చూపించాల్సింది ముఖ్యంగా ఇదే అంటాను: ఒకే డ్రైవు, ఒకే స్పెసిఫికేషన్, చేతికందే వేగం మాత్రం 0.03 నుంచి 0.52 దాకా.

ఇక్కడే ఇంకో అనుమానం కూడా చాలామందికి వస్తుంది. ఈ డిస్కులు బిట్లని రాసే పద్ధతైన ఎంఎఫ్‌ఎం కోడింగ్‌లో ఒక డేటా బిట్టుకి రెండు కోడ్ బిట్లు రాస్తారు కదా, 5ని సగం చేయాలా అని. అక్కర్లేదు. 5 మెగాబిట్లు అన్నది డేటా బిట్ల లెక్కే, కోడ్ బిట్లు లెక్కిస్తే అది 10 అవుతుంది. ఆర్‌ఎల్‌ఎల్ 2,7 కోడింగ్ వచ్చాక ఈ డేటా వేగమే 7.5 మెగాబిట్లయింది, ట్రాకుకి 26 సెక్టార్లు పట్టాయి. 26 × 512 × 60 = 7,98,720 బైట్లు, 0.799 మెగాబైట్లు, లేదా సరిగ్గా 780 కిబీబైట్లు. మీ దగ్గరున్న డ్రైవు పేరు చివర "ఆర్" ఉంటే (ఎస్‌టీ-238ఆర్ లాంటివి) ఈ లెక్క వాడండి.

ఇప్పుడు వర్డుకి 11.1 మైక్రోసెకన్లు. ఆ కాగితం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ల ఆర్‌కే05 డ్రైవుది. ఇక్కడ రెండు పనులున్నాయి. మొదటిది, ఇది వేగం కాదు, ఒక వర్డుకి పట్టే సమయం, కాబట్టి తిరగేయాలి. రెండోది, వర్డంటే (మెషీన్ ఒకేసారి పట్టుకునే బిట్ల గుంపు) ఎన్ని బిట్లో ఆ డ్రైవు ఏ మెషీన్‌కి తగిలించారో చూస్తేగాని తెలియదు. అదే కంపెనీ పీడీపీ-11 కంప్యూటర్లో వర్డు 16 బిట్లు. 16ని 11.1 మైక్రోసెకన్లతో భాగిస్తే సెకనుకు 14.4 లక్షల బిట్లు, అంటే 0.18 మెగాబైట్లు. ఇదే డ్రైవు పీడీపీ-8కి తగిలిస్తే అక్కడ వర్డు 12 బిట్లే, సమయం సుమారు 8.3 మైక్రోసెకన్లవుతుంది. మైక్రోసెకన్లు మాత్రమే చూసినవాళ్లు పీడీపీ-8 దగ్గర డ్రైవు వేగంగా పరిగెత్తిందనుకుంటారు. 12ని 8.33తో భాగించి చూడండి, మళ్లీ అదే 14.4 లక్షల బిట్లు.

ఇక్కడ ట్రాక్ లెక్క వేసి చూస్తే నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. ఆర్‌కే05 నిమిషానికి 1,500 చుట్లు, సెకనుకు 25. పీడీపీ-11లో ట్రాకుకి 12 సెక్టార్లు, సెక్టారుకి 256 వర్డులు, వర్డుకి 16 బిట్లు, మొత్తం 49,152 బిట్లు. పీడీపీ-8లో 16 సెక్టార్లు, 256 వర్డులు, 12 బిట్లు. గుణించండి, మళ్లీ 49,152. వర్డు చిన్నదైనచోట సెక్టార్ల సంఖ్య పెంచి, ట్రాకులో సరిగ్గా అంతే డేటా పట్టించారు. రెండు మెషీన్ల మీదా డేటా వేగం 49,152 × 25 = 12,28,800 బిట్లు, అంటే 1,53,600 బైట్లు. పట్టికలో హెడ్డు దగ్గర 0.18 అని, డేటా 0.154 అని రాయండి.

నేను "ట్రాక్ లెక్క" అంటున్నది ఇదే: ట్రాకులో పట్టే డేటాని సెకనుకి తిరిగే చుట్లతో గుణించడం. కాగితం మీద రాసిన వేగం ఏ రకం అంకె అన్న అనుమానం వచ్చినప్పుడల్లా ఈ లెక్క వేయండి. రాసిన అంకె మీ లెక్క కన్నా కాస్త ఎక్కువుంటే అది హెడ్డు వేగం. రెండూ ఒకటే అయితే అది డేటా వేగం. మీ లెక్క కన్నా చాలా ఎక్కువుంటే అది డిస్కుది కానే కాదు, కేబుల్‌ది.

806 కేబీ మీద పెట్టి చూద్దాం. అది ఐబీఎం 3330, 1970 నాటి మెయిన్‌ఫ్రేమ్ డ్రైవు. కేబీ అంటే 1000 బైట్లా, 1024 బైట్లా అని అడిగారు. ఈ డ్రైవు కూడా సెకనుకు 60 చుట్లు. ఒక ట్రాకులో రాయగలిగే అతి పెద్ద రికార్డు 13,030 బైట్లు. గుణిస్తే 7,81,800 బైట్లు. కాగితం మీది 806ని 1000 లెక్కన తీసుకుంటే 8,06,000, ట్రాక్ లెక్క కన్నా కొంచెం ఎక్కువ. రికార్డు చుట్టూ ఉండే ఖాళీలకి, గుర్తులకి ఆ తేడా సరిపోతుంది. మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల కాగితాల్లో కిలో అంటే 1000 అనే తీసుకోండి. ఇదే వరుసలో 3380కి సెకనుకు 3 మెగాబైట్లు, 1989లో వచ్చిన 3390కి 4.2 మెగాబైట్లు. 3380 ట్రాకులో 47,476 బైట్లు పడతాయి, 60తో గుణిస్తే 28.5 లక్షలు. మళ్లీ అదే పద్ధతి, రాసింది హెడ్డు వేగం, డేటా దానికి కాస్త తక్కువ.

సెకనుకు 8,800 క్యారెక్టర్లు అన్నది 1956 నాటి ఐబీఎం 350, ర్యామాక్ మెషీన్‌తో వచ్చిన మొట్టమొదటి డిస్కు డ్రైవు. చాలా వెబ్‌సైట్లు దీన్ని నేరుగా 8.8 కిలోబైట్లని రాసేస్తాయి. నేనలా రాయను. 8 బిట్ల బైటుని స్థిరపరిచింది 1964లో వచ్చిన సిస్టమ్/360, ఈ డ్రైవుకి అప్పటికి ఎనిమిదేళ్లు. దాని క్యారెక్టర్‌లో సమాచారం 6 బిట్లు. 8,800 × 6 = 52,800 బిట్లు, 8తో భాగిస్తే 6,600 బైట్లు, 0.0066 మెగాబైట్లు. దాని కెపాసిటీ కూడా ఇలాగే చూడాలి. "50 లక్షల క్యారెక్టర్లు" అంటే ఇప్పటి లెక్కలో 3.75 మెగాబైట్లు, అందరూ రాసే 5 మెగాబైట్లు కాదు. అయితే ఒక మినహాయింపు. ఆనాటి గుమాస్తా ఖాతా కార్డులో ఎన్ని అక్షరాలు పట్టేవో, ఇప్పుడెన్ని పడతాయో పోల్చాలంటే క్యారెక్టర్లలో పోల్చడమే న్యాయం. పట్టికలో రెండూ రాయండి, కానీ మెగాబైట్ల గడిలో మాత్రం 6 బిట్ల లెక్కే ఉండాలి.

పీఐఓ మోడ్ 4 దగ్గరికొచ్చేసరికి ఆట మారుతుంది. ఇది అసలు డిస్కు వేగం కాదు, ఐడీఈ (పీసీకి డ్రైవుని తగిలించే ఒక పద్ధతి) కేబుల్ మీద కంప్యూటరు, డ్రైవు మాట్లాడుకునే వేగానికి పరిమితి. కేబుల్ మీద ఒకేసారి 16 బిట్లు, అంటే 2 బైట్లు పోతాయి. మోడ్ 0లో ఒక్కో విడతకి 600 నానోసెకన్లు, కాబట్టి 3.3 మెగాబైట్లు. మోడ్ 4లో 120 నానోసెకన్లు, కాబట్టి 16.7 మెగాబైట్లు. అల్ట్రా డీఎంఏలో క్లాక్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, రెండుసార్లూ డేటా పంపడం మొదలుపెట్టారు, అలా 33, 66, 100, 133 వచ్చాయి. డ్రైవుల్ని తగిలించే ఇంకో పద్ధతి, స్కజీ కూడా ఇదే తరహా: బస్ (డేటా పోయే తీగల వరస) వెడల్పుని విడతల సంఖ్యతో గుణించాలి. తొలి స్కజీ 1 బైటు వెడల్పు, 50 లక్షల విడతలు, 5 మెగాబైట్లు. అల్ట్రా 320 అంటే 2 బైట్లు, 16 కోట్ల విడతలు. ఈ అంకెలన్నిట్లో మెగా అంటే 10 లక్షలే.

వీటిని 3330 పక్కన, ఆర్‌కే05 పక్కన ఒకే గడిలో పెడితే పట్టిక అబద్ధం చెబుతుంది. కేబుల్ వేగం అంటే రోడ్డు వెడల్పు లాంటిది, బండి ఎంత వేగంగా పోతుందో అది చెప్పదు. ఏటీఏ-133 (ఐడీఈకే ఇంకో పేరు ఏటీఏ) అని డబ్బా మీద రాసి ఉన్న డ్రైవు ప్లాటర్ (లోపల తిరిగే పళ్లెం) మీంచి సెకనుకు 133 మెగాబైట్లు చదివి ఇస్తుందని చాలామంది నమ్మారు. నిజానికి ఆ అంకె డ్రైవు లోపలి చిన్న బఫర్‌లో అప్పటికే ఉన్న డేటా కేబుల్ దాటడానికి మాత్రమే వర్తిస్తుంది. అందుకే పట్టికలో కేబుల్‌కి వేరే గడి కావాలంటున్నాను. ఎస్‌టీ-412 దగ్గర రెండు గడుల్లో ఒకే అంకె ఉంటుంది, ఐడీఈ దగ్గర విడిపోతాయి. ఆ విడిపోవడమే ఈ చరిత్రలో అసలు మార్పు, డ్రైవులోకి సొంత బుర్ర, సొంత బఫర్ వచ్చిన గుర్తు.

ఇక 1.5 గిగాబిట్లు, అది ఐడీఈ తర్వాత వచ్చిన శాటా కేబుల్‌ది. దీన్ని 8తో భాగిస్తే 187.5 మెగాబైట్లు వస్తుంది, కానీ ఎక్కడ చూసినా 150 అనే ఉంటుంది. శాటాలో ప్రతి 8 బిట్ల డేటాని 10 బిట్లుగా మార్చి తీగ మీదికి పంపుతారు. వరసగా ఒకే రకం బిట్లు వస్తూ పోతే అవతలివాడు క్లాక్ లెక్క తప్పుతాడు కాబట్టి, మార్పులు తగినన్ని ఉండేలా చూసే ఏర్పాటిది. 1.5 గిగాబిట్లు అన్నది ఈ 10 బిట్ల లెక్క. అందుకని ఇక్కడ 8తో కాదు, 10తో భాగించాలి: 150. అలాగే 3 గిగాబిట్లకి 300, 6 గిగాబిట్లకి 600. మొదటి యూఎస్‌బీ 3.0 కూడా ఇదే, 5 గిగాబిట్లు అంటే 500 మెగాబైట్లు.

ఇది నేర్చుకుని అన్నిచోట్లా 10తో భాగించేవాళ్లున్నారు, అదీ కుదరదు. గిగాబిట్ ఈథర్నెట్‌లో 1 గిగాబిట్ అన్నది కోడింగ్ పోగా మిగిలిన డేటా వేగమే. అక్కడ 8తోనే భాగించాలి, 125 మెగాబైట్లు. ఫ్రేముల హెడర్లు, ఖాళీలు పోగా ఫైలుకి దక్కేది 118 దగ్గర. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో 128 బిట్లకి 130 పంపుతారు. కాబట్టి లేనుకి 8 గిగాట్రాన్స్‌ఫర్లు అంటే 985 మెగాబైట్లు, నాలుగు లేన్ల ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీ) స్లాటుకి 3.94 గిగాబైట్లు. యూఎస్‌బీ 2.0 వేరే రకం. 480 మెగాబిట్లంటే లెక్కకి 60 మెగాబైట్లు. కానీ సెకనుకు 8,000 మైక్రోఫ్రేములు, ఒక్కోదాంట్లో 512 బైట్ల బల్క్ ప్యాకెట్లు ఎక్కువలో ఎక్కువ 13 మాత్రమే పడతాయి. గుణిస్తే 53.2 మెగాబైట్లు. చేతికందేది సాధారణంగా ఇంకా తక్కువే. మీ దగ్గరున్న పాత ఐడీఈ డ్రైవుని యూఎస్‌బీ 2.0 కన్వర్టర్‌తో తగిలించి కొలుద్దామనుకుంటే ఇది గుర్తుంచుకోండి. 2000 తర్వాతి డ్రైవుల్లో చాలావాటి దగ్గర మీరు కొలిచేది డ్రైవుని కాదు, ఆ కన్వర్టర్‌ని.

కొలిచే సాఫ్ట్‌వేర్‌లు కూడా ఒకే భాష మాట్లాడవు. లినక్స్‌లో డీడీ కమాండ్ ఆఖర్న చూపించే వేగం 10 లక్షల లెక్క. పక్కనే హెచ్‌డీపార్మ్ అదే మెగాబైట్ అనే పేరుతో 1024 × 1024 లెక్క చూపిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ 10 లక్షల లెక్కే వాడుతుంది, ఆ సంగతి ఫలితంలోనే రాస్తుంది. విండోస్‌లో ఫైల్ కాపీ అవుతుంటే కనబడే వేగం 1024 లెక్క. మెగా దగ్గర ఈ తేడా 4.9 శాతం, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10 శాతం. కిలో దగ్గర 2.4 శాతమే కాబట్టి 1980లలో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పట్టించుకోకపోతే మంచి డ్రైవునే నాసిరకమని వెనక్కి పంపేస్తారు. 1.44 అని రాసిన ఫ్లాపీ అయితే రెండు లెక్కల్నీ కలిపేసింది. అందులో ఉన్నది 1,440 × 1,024 = 14,74,560 బైట్లు, అంటే 10 లక్షల లెక్కలో 1.47, 1024 లెక్కలో 1.41. రాసిన 1.44 ఈ రెంటిలో ఏదీ కాదు.

ఇవాళ్టి వైపు పోలికకి ఒక డ్రైవు కావాలి కదా. సీగేట్ ఎక్సోస్ ఎక్స్20 తీసుకోండి, 20 టెరాబైట్లు. దాని డేటాషీట్‌లో గరిష్ఠ వేగం 285 మెగాబైట్లు, 272 మెబీబైట్లు అని రెండూ పక్కపక్కనే ముద్రించారు. పట్టిక అలా ఉండాలి. అందులోనే బయటి అంచు దగ్గర అని కూడా చెప్పారు. ఇది ముఖ్యం. ఎస్‌టీ-412లో బయటి ట్రాకైనా లోపలి ట్రాకైనా 17 సెక్టార్లే, వేగం అంతటా ఒకటే. ఆ తర్వాతి డ్రైవుల్లో జోన్లు వచ్చాయి. బయటి ట్రాకు పొడవెక్కువ కాబట్టి ఎక్కువ సెక్టార్లు నింపుతారు, చుట్టుకి పట్టే సమయం మాత్రం అదే. అందువల్ల లోపలికి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతూ, ఆఖరి ట్రాకుల దగ్గర సుమారు సగానికి వస్తుంది. పాత డ్రైవుకి ఒక్క అంకె చాలు. కొత్తదానికి ఒక్క అంకె రాస్తే అది దాని అత్యుత్తమ స్థితి మాత్రమే.

పట్టికకి మెగాబైట్ల గడుల పక్కన "డిస్కు మొత్తం చదవడానికి పట్టే సమయం" అని ఇంకో గడి చేర్చమని గట్టిగా చెబుతాను. పిల్లలకి 0.522 అన్నా 285 అన్నా పెద్దగా ఏమీ అనిపించదు. సమయం చెబితే వెంటనే పడుతుంది. ర్యామాక్ 50 లక్షల క్యారెక్టర్లని 8,800తో భాగిస్తే 568 సెకన్లు, తొమ్మిదిన్నర నిమిషాలు. ఎస్‌టీ-412లో 306 సిలిండర్లు, 4 హెడ్లు, అంటే 1,224 ట్రాకులు, మొత్తం 1,06,53,696 బైట్లు. 1:1 అయితే సెకనుకి 60 ట్రాకుల చొప్పున 20.4 సెకన్లు, ఎక్స్‌టీలోని 6:1 అయితే 122 సెకన్లు. హెడ్డు జరగడానికి పట్టే సమయం వీటిలో కలపలేదు, ఆ మాట పట్టిక కింద రాయండి. ఎక్సోస్ 20 టెరాబైట్లని అంచు వేగం 285తోనే భాగించినా 19.5 గంటలు. లోపలి జోన్ల నెమ్మది కలిస్తే ఒక రోజు దాటిపోతుంది. ఎస్‌టీ-412 నుంచి ఇక్కడికి కెపాసిటీ దాదాపు 19 లక్షల రెట్లు పెరిగితే, వేగం 550 రెట్ల లోపే పెరిగింది. రెయిడ్‌లో (చాలా డ్రైవుల్ని కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) ఒక డ్రైవు పోతే కొత్తది నింపుకోవడానికి అంతసేపు ఎందుకు పడుతుందో ఆ రెండు అంకెలే చెప్పేస్తాయి. ఈ సంగతి బయటపడాలంటే యూనిట్లు సరిగ్గా మార్చి ఉండాలి. హెడ్డు వేగం పక్కన కేబుల్ వేగం పెట్టి పోల్చితే పెరుగుదల లేనిచోట కూడా కనబడుతుంది.

ఇక మిగిలింది 9.67 మెగాహెర్ట్జ్ కాగితం. అది కంట్రోల్ డేటా వాళ్ల ఎస్‌ఎండీ (స్టోరేజ్ మాడ్యూల్ డ్రైవ్ అనే ఇంటర్‌ఫేస్) తరహా డ్రైవుది, 80 మెగాబైట్ల 9762 అయి ఉండొచ్చు, లేబుల్ చూసి నిర్ధారించుకోండి. ఇక్కడ హెర్ట్జ్ చూసి కంగారు పడొద్దు. ఈ ఇంటర్‌ఫేస్‌లో కోడింగ్ విప్పే పని డ్రైవే చేసుకుని, మామూలు డేటా బిట్లనే క్లాక్‌తో పాటు కేబుల్ మీదికి ఇస్తుంది. క్లాకు ఒక్కసారి కొట్టుకుంటే ఒక్క డేటా బిట్టు. కాబట్టి 9.67 మెగాహెర్ట్జ్ అంటే 9.67 మెగాబిట్లే, 8తో భాగిస్తే 1.21 మెగాబైట్లు. ట్రాక్ లెక్కతో సరిచూస్తే ఫార్మాట్ చేయని ట్రాకులో 20,160 బైట్లు, సెకనుకు 60 చుట్లు, 12,09,600 బైట్లు, సరిపోయింది. ఇది హెడ్డు గడిలోకి వెళ్తుంది. డేటా గడి నింపాలంటే మీ డ్రైవుని ట్రాకుకి ఎన్ని సెక్టార్లుగా ఫార్మాట్ చేశారో తెలియాలి. ఎస్‌ఎండీ డ్రైవుల్లో సెక్టార్ల సంఖ్యని లోపలి కార్డు మీద స్విచ్‌లతో పెట్టేవాళ్లు కాబట్టి అది మెషీన్‌కి మెషీన్‌కి మారుతుంది. డ్రైవు మీ దగ్గరే ఉందన్నారు కదా. కరెంటు తీసేసి, కవరు తెరిచి ఆ స్విచ్‌ల ఫొటో పెట్టండి. ఏ కంట్రోలర్‌తో వాడారో కూడా చెబితే ఆ గడి కూడా నింపేద్దాం.